బుచ్చమ్మ బండి ఏ దారిన వెళ్లింది?

ఈ నెల నాటకం గురించి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పాత నాటకాలను విద్యార్థులు ఫోనులోకి, ఇంటర్నెట్టులోకి తెచ్చుకుంటున్నప్పుడు ఏది నిలుపుకోవాలి, ఎంతవరకు మార్చుకోవచ్చు అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి ఆ మూడింటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకు ‘కన్యాశుల్కం’ పాఠం చెబుతున్నాను. ఈసారి వ్యాసం రాయించడానికి బదులు, నాటకాన్ని ఆన్‌లైన్‌లో తమకు నచ్చిన రూపంలో తిరిగి చెప్పమన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం గిరీశం పేరుతో ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు, చుట్ట కాలుస్తున్న రీల్స్, ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అన్న మీమ్‌లే. ఇది నాటకాన్ని చదవడం అవుతుందా, చదవకుండా తప్పించుకోవడం అవుతుందా? వాళ్లకు ఎలా దారి చూపాలి?
— ఒక అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ సందేహం న్యాయమైనదే. అయితే పొరపాటు గిరీశాన్ని ఎంచుకోవడంలో లేదు, నాటకంలో అప్పటికే పొంగిపొర్లుతున్న చోట మళ్లీ నీళ్లు పోయడంలో ఉంది. తెర లేవగానే ఒంటరిగా నిలబడి మనతో మాట్లాడేది గిరీశమే, తెర పడేముందు చివరి మాటా అతనిదే. అంత మాట్లాడిన మనిషికి ఇంకొక రీల్ ఇచ్చినందువల్ల మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. కొన్నేళ్ల కిందట ఒక కళాశాల పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లినప్పుడు నేనూ ఇదే చూశాను. జట్టు తర్వాత జట్టు అదే చుట్టతో వేదిక ఎక్కింది. నవ్వులు వచ్చాయి గాని, బుచ్చమ్మ పేరు మాత్రం ఆ సాయంత్రం ఒక్కరి నోటా వినపడలేదు.

అందుకని మీ విద్యార్థులను ముందుగా అడగవలసింది, నాటకంలో ఏది కనిపించకుండా ఉండిపోయింది అని. బుచ్చమ్మ సంగతే చూడండి. డబ్బుకు ఆశపడిన తండ్రి చిన్నతనంలోనే ఆమెను ముసలివాడికి ఇచ్చాడు, ఆమె విధవ అయింది. తమ్ముడికి చదువు చెప్పడానికని ఇంట్లోకి వచ్చిన గిరీశం మాటలు నమ్మి, చెల్లెలి పెళ్లికి తరలే హడావుడిలో అతని వెంట వెళ్లిపోయింది. ఆ బండి దారి మళ్లిన తర్వాత ఆమె ఏం అనుకుందో, ఎప్పుడు భయపడిందో, తల్లి వెంకమ్మను తలుచుకుని ఏడ్చిందో లేదో రంగస్థలం మీద మనకు కనిపించదు. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని విడోస్ హోముకు పంపించే ఏర్పాటు చేస్తాడు. కథ ముగుస్తుంది, కాని తనను పంపుతున్న ఆ చోటు గురించి ఆమె అభిప్రాయం ఏమిటో మనం వినం. ఆ దారి పొడవునా తల్లికి పంపాలని చెప్పుకుని, పంపలేక చెరిపేసిన వాయిస్ మెసేజీల వరుసగా ఒక విద్యార్థిని దీన్ని చేయగలిగితే, నేను దాన్ని ఎంతో శ్రద్ధగా వింటాను. అది చేయాలంటే ఆ పిల్ల నాటకాన్ని మొదటినుంచి చివరిదాకా చదవక తప్పదు. బుచ్చమ్మకు ఏం తెలుసు, ఏం తెలియదు, ఎవరి మాట నమ్ముతుంది అన్నవన్నీ పుస్తకంలో వెతికి పట్టుకుంటేనే ఆ మౌనానికి మాటలు వస్తాయి.

లెక్కల మీద మక్కువ ఉన్న పిల్లలకు ఇంకొక పని ఇవ్వవచ్చు. తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో కొన్ని అంకెలు ఉన్నాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించగా 1,034 లెక్కకు వచ్చాయి. వాటిలో 99 మంది పిల్లలకు పెళ్లినాటికి అయిదేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఫోను తెర మీద 1,034 చుక్కలు పెట్టి, ఆ మూడు చుక్కలను వేలితో తాకినప్పుడు ఏ మాటా రాకుండా చీకటి మాత్రమే కనిపించేలా ఒక పేజీ చేయమనండి. నాటకంలో మనం నవ్విన ప్రతి నవ్వు వెనుకా ఈ జాబితా ఉందని అప్పుడు అర్థమవుతుంది.

నాటకాన్ని మార్చడం అపచారమేమో అని మీరు గాని, మీ శాఖలో మరొకరు గాని సంకోచిస్తుంటే గురజాడ చేసిన పనినే చూపించండి. 1892లో విజయనగరంలో ఆడిన నాటకాన్ని ఆయన 1897లో అచ్చు వేయించారు. అక్కడితో ఆగక 1909 నాటికి అయిదు అంకాలను ఏడు చేసి, దాదాపు కొత్త నాటకం అనిపించేటంతగా తిరగరాశారు. నాటకంలోని వేశ్య మధురవాణి ఇంత ఎత్తుకు ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి, ఒక్క మధురవాణి మాటలు మాత్రం ఎలా పెరిగాయో చూపించే పేజీ ఒకటి చేసినా అది ఒక సెమిస్టరుకు సరిపడే చదువు.

భాష విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగా చెబుతాను. గురజాడ పాత్రలు మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు. మన పిల్లల నోట వచ్చేది తిరుపతి, చిత్తూరు తెలుగు. కథను పూర్తిగా ఇక్కడికి తెచ్చుకుని, అగ్రహారాన్ని చంద్రగిరి పక్కన పెట్టుకుంటే బుచ్చమ్మ ‘యాడికి తీసకపోతా ఉండారు?’ అని అడగవచ్చు, అడగాలి కూడా. కథను విజయనగరం సీమలోనే ఉంచితే ఆ యాసను గౌరవించి నేర్చుకోవాలి. ఒకే పాత్ర సగం అక్కడిదిగా, సగం ఇక్కడిదిగా మాట్లాడితే ఆ మనిషి ఎక్కడా నిలబడదు.

తిరుపతి పిల్లలకు మాత్రమే చేతనైన దారి ఒకటి ఉందని నాకు బలంగా అనిపిస్తుంది. ఈ నాటకంలో కథ నడిచేది వేషాల మీద. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి బుచ్చమ్మ చెల్లెలిని పెళ్లాడబోతున్న ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగడతాడు, చివరలో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు ముడిచి, మొక్కు తీర్చుకోవడం చూస్తూ పెరిగిన పిల్లలకు వేషం అంటే కేవలం మోసం కాదని, అది భక్తి కావచ్చు, రక్షణ కావచ్చు అని వేరే చెప్పనక్కరలేదు. జాతరలో వేషం కట్టే పెద్దలను వాళ్ల అనుమతితో పలకరించి, ఆ మాటలను ఈ రెండు వేషాల పక్కన ఉంచి ఒక పాడ్‌కాస్ట్ చేస్తే, అది మరే ఊరి విద్యార్థులూ చేయలేని పని అవుతుంది.

మార్కులు వేసేటప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ ఒక పేజీ వివరణ అడగండి. తాము కల్పించిన ప్రతి ముఖ్య విషయానికీ నాటకంలోని ఏ అంకం, ఏ మాట ఆధారమో అందులో రాయాలి. పాత్రల పేరుతో తెరిచే ఖాతాలలో ఇది నాటక పాత్ర అన్న సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి, తెలియనివాళ్లతో ఆ పేరుతో సంభాషణలు జరపకూడదు.

ప్రశ్న: మేం అయిదుగురం స్నేహితులం కలిసి ‘పాండవోద్యోగం’ను వాట్సాప్ గ్రూపులో జరిగే సంభాషణలాగా చేస్తున్నాం. పద్యాలు ఎవరికీ అర్థం కావని వాటిని మామూలు మాటల్లోకి మార్చాం. మా తాతగారు మా ఊరి భారతంలో ఎన్నో ఏళ్లు దుర్యోధనుడి వేషం కట్టారు. మేం చేసింది చూసి రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మేం చేసింది తప్పా?
— ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: నాయనా, మీ ఆలోచన చాలా మంచిది. మీరు అనుకుంటున్నదానికంటే కూడా మంచిది. తాతగారి బాధా నిజమైనదే. రెండింటినీ విడివిడిగా చూద్దాం.

ముందు వాట్సాప్ సంగతి. సహాయం అడగడానికి ద్వారకకు వచ్చిన ఇద్దరిలో దుర్యోధనుడు ముందు వచ్చి నిద్రిస్తున్న కృష్ణుడి తల దగ్గర కూర్చున్నాడు, తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ల దగ్గర నిలిచాడు. కళ్లు తెరిచిన కృష్ణుడు ముందు చూసింది అర్జునుణ్ణి. ముందు వచ్చినవాడిదా హక్కు, ముందు కనపడినవాడిదా అన్నదే అక్కడి తగాదా. ఒక మెసేజి ఏ వేళకు వచ్చింది, దాన్ని ఏ వేళకు చూశారు అన్న రెండు వేర్వేరు సంగతులను వాట్సాప్ తనంతట తానే చూపిస్తుంది. పడక సీనుకు ఇంతకంటే తగిన కొత్త రూపం నాకు తట్టడం లేదు. దీన్ని మీ ప్రాజెక్టుకు నడిబొడ్డున పెట్టండి.

ఇక పద్యాలు. తిరుపతి వేంకట కవుల పద్యం మాటలుగా విడిపోతే అర్థం మిగలవచ్చు గాని, దెబ్బ మిగలదు. ‘జెండాపై కపిరాజు’ శార్దూల వృత్తం, పాదానికి 19 అక్షరాలు. ‘జెండా’లో మొదటి అక్షరానికి ‘సితవాజి’లోని ‘జి’ పదమూడో అక్షరంగా వచ్చి యతి కుదురుతుంది. గాయకుడు ఆ చోటికి చేరేసరికి జనం తెలియకుండానే ఊపిరి బిగబట్టేది అందుకే. ‘చెల్లియొ చెల్లకో’ ఉత్పలమాల, దాని నడక పూర్తిగా వేరు. ఇటువంటి పద్యాన్ని అక్షరాలుగా టైపు చేయకండి, వాయిస్ మెసేజిగా పంపండి. గ్రూపులో అందరూ మామూలు మాటల్లో తగవు పడుతూ ఉంటారు, ఇక మాటలతో పని జరగదు అన్న క్షణంలో ఒక పద్యం వస్తుంది. పాత నాటకంలోనూ పద్యం చేసే పని అదే.

ఆ పద్యం పాడవలసినది మీ తాతగారే. మన జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు కోసం ఎదురుచూసే జనం, ఆఖరున మట్టితో చేసిన దుర్యోధనుడి దగ్గరికి భీముడు రావడం, ఇవన్నీ చూసి పెరిగినవాణ్ణి నేను. ఆ వేషం కట్టిన మనిషి రాత్రంతా మెలకువగా ఉండి, తెల్లవారుజామున ఊరందరి ముందు ఓడిపోతాడు. అటువంటివారి ఎదుట ‘ఎవరికీ అర్థం కాదు’ అన్న మాట అన్నారు, ఆయన నొచ్చుకున్నది వాట్సాప్‌కు కాకపోవచ్చు. వెళ్లి పద్యం నేర్పమని అడగండి. వేంకట కవుల పద్యాలకూ మీ ఊరి భారతంలో ఆయన పాడిన పాటలకూ తేడా ఏమిటో చెప్పించుకుని, ఒప్పుకుంటే ఆయన గొంతులోనే రికార్డు చేయండి.

ప్రశ్న: హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనును శబ్ద నాటకంగా చేసి యూట్యూబులో పెట్టాలనుకుంటున్నాం. పాత నాటకమే కాబట్టి ఎవరినీ అడగనవసరం లేదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: సగం నిజం. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు రచనపై హక్కు ఉంటుంది. నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో కన్నుమూశారు, కనుక 2013తో ఆ గడువు తీరింది. గురజాడ, తిరుపతి వేంకట కవుల నాటకాలకు కూడా ఇప్పుడు అడ్డంకి లేదు.

చిక్కు ఎక్కడంటే, కాటి సీను అనగానే అందరికీ గుర్తొచ్చే ‘ఇచ్చోటనే’ పద్యం బలిజేపల్లివారిది కాదు. అది గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలలోనిది, నటులు దాన్ని నాటకంలోకి తెచ్చి పాడడంతో అందులో భాగమైపోయింది. జాషువా 1971లో మరణించారు, అందువల్ల ఆయన రచనలపై హక్కు 2031 చివరి వరకు ఉంటుంది. మీరు విద్యార్థులైతే, కళాశాలలో మీ తోటి విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల ముందు ప్రదర్శించడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. యూట్యూబులో పెట్టడం ఆ వెసులుబాటు దాటిపోతుంది, కనుక హక్కుదారుల అనుమతి కోరుతూ ముందే ఉత్తరం రాయండి. పద్యం ఎవరిదో శబ్ద నాటకం మొదట్లోనే పేరు పెట్టి చెప్పండి. అనుమతి వచ్చినా రాకపోయినా, ఇన్నేళ్లుగా ఆ పద్యం విని కళ్లు తుడుచుకున్నవాళ్లలో చాలామందికి అది జాషువాదని తెలియదు.

పేరున్న నటుల పాత రికార్డింగులను కత్తిరించి కలపకండి. రికార్డింగుకు వేరే హక్కులు ఉంటాయి. పైగా మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ హరిశ్చంద్ర పద్యాలు పాడే పెద్దలు ఉండే ఉంటారు, ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి రండి.