అమ్మ మనసు అపరిచితుల దగ్గరే ఎందుకు తెరుచుకుంటోంది?

ప్రశ్న: నాన్న పోయి ఏడాదిన్నర అయింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారి ఆన్‌లైన్ బృందంలో చేరి, అర్ధరాత్రి దాకా ఒంటివేలితో టైప్ చేస్తూ కూర్చుంటుంది. ఆసుపత్రిలో నాన్న చివరి రాత్రి గురించి నాతో ఒక్క మాటైనా అనని మనిషి అక్కడ పేజీలకొద్దీ రాసింది. అనుకోకుండా నా కంటబడింది. కన్నకూతురికన్నా ముక్కూ మొహం తెలియనివారు ఎక్కువయ్యారా?

జవాబు: మీ ఉత్తరంలో కోపం కన్నా నొప్పే ఎక్కువగా కనిపించింది. అమ్మ మిమ్మల్ని కాదనుకుని అక్కడికి వెళ్లారని నేను అనుకోను. ఆ రాత్రి మాట ఎత్తితే మీరు కంటతడి పెడతారని, అప్పుడు తన దుఃఖాన్ని దిగమింగుకుని మిమ్మల్నే ఓదార్చవలసి వస్తుందని ఆమె వెనకాడుతూ ఉండవచ్చు. పైగా మీరు పోగొట్టుకున్నది తండ్రిని, ఆమె పోగొట్టుకున్నది భర్తను. 'మంచంలో ఆయన వైపు ఇప్పటికీ ఖాళీగానే వదిలి పడుకుంటాను' అని ఆమె రాస్తే, 'నేనూ అంతే' అనగలిగినవారు అక్కడ ఉన్నారు. ఎదుటివారి మొహం కనబడకపోవడం, జవాబు తీరిగ్గా ఇవ్వగలగడం వంటి కారణాల వల్ల మనుషులు ఆన్‌లైన్‌లో మామూలుకన్నా ఎక్కువగా మనసు విప్పుతారని జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో వివరించారు.

ఇలాంటి బృందాల్లో చాలామంది ఏదో ఒక సందేహం తీర్చుకోవడానికో, తోడు కోసమో చేరతారు. అక్కడే నిలిచిపోవడానికి తమ మాట ఇంకొకరికి పనికివస్తోందన్న తృప్తి పెద్ద కారణం. మీరెంత ప్రేమగా చూసుకుంటున్నా, ఇంట్లో ఆమె ఇప్పుడు ఒకరు కనిపెట్టుకుని ఉండవలసిన మనిషి; అక్కడ మాత్రం నిన్న భర్తను పోగొట్టుకుని వచ్చిన స్త్రీకి ధైర్యం చెప్పగల పెద్ద దిక్కు. దయచేసి ఆ స్థానాన్ని ఆమె నుంచి లాక్కోకండి.

డబ్బు అడిగేవారి గురించి, చిరునామా చెప్పడం గురించి ఒకసారి హెచ్చరిస్తే చాలు. నిద్ర పూర్తిగా కరువైనా, మనుషులను తప్పించుకుంటున్నా వైద్యులకు చూపించండి.

ఆమె రాసింది చదివిన సంగతి దాచవద్దు, ఇకమీదట చదవనూ వద్దు. 'అక్కడ నీకు బాగా దగ్గరైనవాళ్లు ఎవరమ్మా?' అని అడిగి, చెప్పినంతవరకే వినండి. ఆ తర్వాత ఎప్పుడైనా, ఆ రాత్రి మీకు గుర్తున్నదేమిటో మీరే ముందు చెప్పండి. ఆమె మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు మీకు ఏడుపు వస్తే ఏడవండి, కానీ ఆమెను ఆపకండి.