అటక మీద తుపాకీ గురించి అడిగితివి కదా, ఇదీ నా మాట

అబ్బీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. అటక దులుపుతాంటే మీ నాయన సింగిల్ బ్యారల్ బయటపడిందని, పక్క చీనీ తోటలో దొంగలు పడినప్పట్నించి మీ ఆడోళ్ళు భయపడతాండారని, నువ్వూ పిల్లోడూ కాల్చేది నేర్చుకుంటే తప్పేముంది మామా అని అడిగితివి. తప్పేం లేదు, నేర్చుకోండి, నన్నడిగితే ప్రతి ఒక్కరూ రొవ్వంత నేర్చుకోవాల్సిందే అంటా. కాని నువ్వు ముందు కాల్చేది అంటాండావు, నేను ముందు కాల్చకుండా ఉండేది అంటాండా.

అనంతపురంలో ఏఆర్ (పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా చేరి ముప్పై ఏండ్లు తుపాకుల మధ్యనే ఉన్నోన్ని. నా కండ్లముందర జరిగింది ఒకటి చెప్తా. బ్యారక్‌లో మావాడొకడు డ్యూటీ దిగొచ్చి మంచం మీద కూర్చుని పిస్టల్ ఖాళీ చేస్తాండాడు. స్లైడ్, అంటే పిస్టల్ పైన జారే భాగం, వెనక్కి లాగినాడు, తూటా ఒకటి ఎగిరి దుప్పటి మీద పడింది, చూసినారా ఖాళీ అని నవ్వినాడు. ఆమైన మ్యాగజీన్, అంటే తూటాలు నింపే డబ్బీ, తీసినాడు. తప్పంతా ఆ వరసలోనే ఉంది. ముందు మ్యాగజీన్ తియ్యల్ల, ఆమైన స్లైడ్ లాగల్ల. మ్యాగజీన్ లోపల ఉండంగానే లాగి వదిలితే ఒక తూటా బయటికి పడుతుంది, ఇంగొకటి పోయి ఛాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా పేలే చోట, కూర్చుంటుంది. వాడు ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కినాడు. గుండు ఎదురుగా ఉన్న రేకు ట్రంకులో దూరి గోడకు కొట్టుకుంది. ఆ ట్రంకు నాది. అంతకు రెండు నిమిషాల ముందు దాని మీదనే కూర్చుని బూట్లు విప్పినా నేను. వాడు తాగలేదు, కొత్తోడు గాదు, పదేండ్ల సర్వీసు. చెవులు మూడు దినాలు గింగిరుమన్యాయి నాకు.

అందుకే చెప్తాండా, ఏ తుపాకీ అయినా లోడై ఉందనే అనుకోల్ల, పక్కోడు ఇప్పుడే చూసి ఇచ్చినా సరే నువ్వు మళ్ళీ చూసుకోల్ల. గొట్టం మనిషి దిక్కు తిప్పకూడదు, ఆటకు కూడా. కాల్చే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, పక్కన చాపి పెట్టుకోల్ల. గురి ఎనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు, పాయింట్ టూ టూ అని సన్న గొట్టం రైఫిల్ ఉంటుంది, దాని చిన్న గుండే కిలోమీటర్ దాటి పోతుంది, మీ తోట ఎంత పొడుగుంది? ఇంతే, ఇది ఇంట్లో ఆడోళ్ళకు పిల్లోళ్ళకు గూడా చెప్పు, పిల్లోళ్ళకైతే ఇంగొక మాట, తుపాకీ కనిపిస్తే ముట్టుకోవద్దు, ఆడ్నించి వచ్చేసి పెద్దోళ్ళకు చెప్పల్ల.

కాల్చే సరదా ఉంటే పిల్లోన్ని స్కూల్లో ఎన్‌సీసీలో చేర్పించు, పాయింట్ టూ టూ రైఫిల్ క్రమంగా నేర్పిస్తారు. లేదా రైఫిల్ క్లబ్బులో ఎయిర్ రైఫిల్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు పతకం కొట్టింది దాంతోనే. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, ఆవగింజ కన్నా చిన్నది. ఊపిరి సగం వదిలి ఆపి, నిదానంగా నొక్కేది అలవాటైతే వాడి పొగరు తగ్గుతుంది, లెక్కలూ బాగా చేస్తాడేమో చూడు.

ఇంగ ఇంట్లో తుపాకీ పెట్టుకునే సంగతి. దానికి నేను ఒప్పుకోను. అర్ధరాత్రి కుక్క అరిస్తే నిద్రలో లేచి, కండ్లద్దాలు వెతుక్కుని, వణికే చేత్తో చీకట్లో ఎవర్ని కాలుస్తావు? వచ్చింది దొంగో, నీళ్ళు కట్టను లేచిన మీ జీతగాడో యాడ తెలుస్తుంది? మన సీమలో తుపాకీ అంటే కాపాడుకునేదాని కన్నా డాబు జాస్తి, ఒకాయన పెట్టుకుంటే ఎదురింటాయనకూ కావల్ల. పెండ్లిలో గాల్లోకి కాలిస్తే గూడా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ కింద రెండేండ్ల దాకా జైలు ఉంది, గుర్తు పెట్టుకో. అడవిపందులు చెనక్కాయ పెరుకుతాండాయి అంటావేమో, తుపాకీ లైసెన్సు వేరే, పందిని కొట్టే పర్మిషన్ వేరే, ఫారెస్టోళ్ళను అడగాల్సిందే. పందుల కోసం పెట్టే నాటుబాంబుల జోలికి మాత్రం పోవద్దు, పశువులు మూతులు పేలి చచ్చేది చూడలేము.

ముఖ్యమైంది ఇది. లైసెన్సు మీ నాయన పేరు మీద ఉండె, ఆయనతోనే పాయె. ఇప్పుడు ఆ తుపాకీ మీ ఇంట్లో ఉండేదే నేరం, ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యల్లని చట్టంలోనే రాసుంది. నీకు కావాల్నంటే నీ పేరున కొత్తగా అప్లై చేసుకో, 21 ఏండ్లు దాటినోళ్ళకే, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్టూ కావల్ల. వాళ్ళు ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు.

రేపు పొద్దున్నే స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పు, గోనెసంచిలో చుట్టుకుని బైక్ మీద తీస్కపోవద్దు, దోవలో ఆపితే ఏం చెప్తావు? వాళ్ళు ఎట్ల తెమ్మంటే అట్ల. అంతవరకు ఆ అటక నిచ్చెన తీసి వేరే గదిలో పెట్టి తాళం వెయ్. డిపాజిట్ చేసినాక రశీదు ఫోటో నాకు పంపు, మీ నాయన పాత లైసెన్సు బుక్కు మీ అమ్మ బీరువాలో చీరల కింద ఉంటుంది చూడు.

మీ మామ