మగెలాంగ్ వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ పరిశోధనకు ఇండోనేషియాలోని మగెలాంగ్ జిల్లాను ఎంచుకున్నావని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషించాను. ఉద్యోగరీత్యా నేను ఆ మధ్య జావా ఊళ్లలో మసలినవాణ్ణి. నీ పనికి అక్కరకు వచ్చేవి కొన్ని రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

ముందుగా ఒకటి గుర్తుపెట్టుకో. మగెలాంగ్ పేరుతో రెండు పాలనా ప్రాంతాలు ఉన్నాయి. ఒకటి కబుపాతెన్, మన జిల్లా వంటిది. దాన్ని ప్రజలు ఎన్నుకున్న బుపాతి పాలిస్తాడు. రెండోది కోతా, అంటే నగరం. దానికి వేరే మేయరు, వేరే బడ్జెట్టు, వేరే లెక్కలు. నగరం చుట్టూ ఉన్నది జిల్లాయే అయినా నగరం మాత్రం జిల్లాలోకి రాదు. జిల్లా కార్యాలయాలు ఒకప్పుడు నగరంలోనే ఉండేవి. 1984లో వాటిని దక్షిణాన ఉన్న ముంగిద్‌కు తరలించారు. 2020 జనగణనలో జిల్లా జనాభా దాదాపు 13 లక్షలు, నగరానిది లక్షా ఇరవై వేల పైచిలుకు. ఈ రెంటినీ కలగాపులగం చేసిన వ్యాసాలు నీకు చాలానే ఎదురవుతాయి. పట్టికలో ప్రాంతపు కోడ్ 3308 అని ఉంటే జిల్లా, 3371 ఉంటే నగరం. పేరును నమ్మకు, ఈ సంఖ్య చూసుకుని లెక్క తీసుకో.

ఇక అసలు సలహా. జనాభా పట్టికలు తెరవడానికి ముందు కొండలూ నదులూ ఉన్న పటం ముందు వేసుకుని కూర్చో. తూర్పున మెరాపి, మెర్బాబు అగ్నిపర్వతాలు. పడమట 3,371 మీటర్ల సుంబింగ్. ఈశాన్యాన తెలోమోయో, అందోంగ్. దక్షిణాన మెనోరే కొండల వరుస. వీటి నడుమ జిల్లా పెద్ద గిన్నెలా ఉంటుంది. సుంబింగ్ వైపు నుంచి ప్రోగో, మెర్బాబు వైపు నుంచి ఎలో దిగివచ్చి, మెందుత్ ఆలయానికి దగ్గరలో కలుస్తాయి. బోరోబుదుర్ స్తూపం ఉన్నది కూడా ఈ మైదానంలోనే. ఏ ఊరికి నీళ్లు ఎటు నుంచి వస్తాయో తెలిస్తే అక్కడ వరి పండుతుందా, క్యాబేజీ పండుతుందా, పొగాకు వేస్తారా అన్నది చాలావరకు ఊహించగలవు. జనం ఎక్కడ కిక్కిరిసి ఉన్నారో, ఎక్కడ పలచగా ఉన్నారో అప్పుడు అర్థమవుతుంది.

మెరాపి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ జిల్లాలో సరిహద్దు గీతల విలువ తెలిసేది అక్కడే. 2010 చివర్లో అది పెద్దఎత్తున పేలింది. పేలుడు తగ్గాక కూడా ముప్పు తప్పలేదు. వాలు మీద పేరుకున్న బూడిద, ఇసుక, బండరాళ్లు వానలకు కదిలి వాగుల్లోకి దిగాయి. 2011 జనవరిలో పుతిహ్ వాగు గట్లు దాటి సలామ్ కెచమాతన్‌లోని (కెచమాతన్ అంటే మన మండలం వంటిది) జుమోయో ఊరి మీద పడింది. యోగ్యకర్త నుంచి మగెలాంగ్ వెళ్లే ప్రధాన రహదారి తెగిపోయింది. ఇళ్లు ఇసుకలో కూరుకుపోయాయి.

ఆ తర్వాత జిల్లా వాళ్లు చేసిన ఏర్పాటు నీ వ్యాసంలో తప్పక ఉండాలి. కొండ మీది ప్రతి ప్రమాదపు ఊరికీ కింద మైదానంలో తోబుట్టువు ఊరిని జతచేశారు. దుకున్ కెచమాతన్‌లోని న్గర్గోముల్యోకు ముంతిలాన్‌లోని తమనాగుంగ్ జత. మెరాపి కదిలితే పైవాళ్లు ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసు, కిందివాళ్లకు ఎవరిని చేర్చుకోవాలో తెలుసు. 2020 నవంబరులో హెచ్చరిక స్థాయి పెంచినప్పుడు దుకున్ ఊళ్ల నుంచి వృద్ధులను, పిల్లలను, గర్భిణులను ముందుగా ఇలాగే దింపారు. భూగోళం, జనాభా, పాలన అని నువ్వు మూడు అధ్యాయాలు రాయబోతున్నావట. ఇక్కడ ఆ మూడూ ఒకటే సంగతి. విడదీసి రాస్తే ఈ ఏర్పాటు ఏ అధ్యాయంలోనూ ఇమడదు.

అన్నట్టు, జుమోయో ఉన్న సలామ్‌లోనే గునుంగ్ వుకిర్ అనే గుట్ట ఉంది. శక సంవత్సరం 654, అంటే క్రీ.శ. 732 నాటి చంగల్ శాసనం దొరికింది అక్కడే. సంజయుడనే రాజు వేయించిన సంస్కృత శాసనం, పల్లవ లిపిలో ఉంది. శాసనం ఇప్పుడు జకార్తా మ్యూజియంలో ఉంది కానీ గుట్ట ఎక్కి ఆలయపు పునాదులు చూసిరా.

పాలనా విభాగాల సంగతి తేలిక. జిల్లాలో 21 కెచమాతన్‌లు ఉన్నాయి. వాటి కింద 367 దేసాలు, అంటే గ్రామాలు, ఇంకా 5 కెలురాహన్‌లు. దేసా పెద్దను ఊరివాళ్లు ఎన్నుకుంటారు, కెలురాహన్ అధికారిని ప్రభుత్వం నియమిస్తుంది. 2014 గ్రామ చట్టం తర్వాత, 2015 నుంచి కేంద్ర నిధులు దేసాలకు అందుతున్నాయి. అందుకే నీ సర్వేకు దేసానే ప్రమాణంగా పెట్టుకో. కెచమాతన్ సగటు తీస్తే కొండ ఊరూ రోడ్డు పక్క ఊరూ ఒకటే అయిపోతాయి.

జిల్లా విస్తీర్ణం సుమారు 1,100 చదరపు కిలోమీటర్లే. అంటే చదరపు కిలోమీటరుకు పదకొండు వందలకు పైగా మనుషులు. 2011 లెక్కల్లో మన తెలంగాణ సగటు 312. అంతమంది ఉన్నా అందులో ఎక్కువ భాగం పల్లెలే అన్నది కళ్లారా చూడాలి. నగరాన్ని ఆనుకుని ఉన్న మెర్తోయుదాన్ కెచమాతన్‌లో జనం మిగతా అన్నిటికన్నా ఎక్కువ. ఒక జాగ్రత్త. జనగణన లెక్కలు వేరు, పౌర నమోదు శాఖ లెక్కలు వేరు. ఒకే పట్టికలో రెంటినీ కలపకు. 2010ని 2020తో పోల్చేటప్పుడు రెండూ జనగణనవే తీసుకో.

విదేశీ పరిశోధకులకు జాతీయ పరిశోధన సంస్థ అనుమతి తప్పనిసరి. అది చేతికి వచ్చాక జిల్లా కార్యాలయం, ఆపైన కెచమాతన్ అధికారి చమత్, ఆ తర్వాతే దేసా. ఈ వరుస తప్పించి నేరుగా ఊళ్లోకి వెళ్తే ఎవరూ ఏమీ అనరు, కానీ ఎవరూ ఏమీ చెప్పరు కూడా. సందు మొదట్లో అతిథులు 24 గంటల్లోగా తెలియజేయాలని బోర్డు కనిపిస్తుంది. పదుల ఇళ్లకు ఒక పెద్ద ఉంటాడు, ఆయన్ను కలిసి పేరు రాయించు. దేసా కార్యాలయంలో అడుగుపెట్టగానే గోడ మీది పెద్ద బోర్డు చూడు. ఎన్ని కుటుంబాలు, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఏ వృత్తిలో ఎందరు అన్నీ గళ్లు గీసి రాసి ఉంటాయి. ఆ అంకెలు ఏ ఏటివో అడిగి రాసుకో. కొన్నిచోట్ల పాతవే ఉండిపోతాయి.

పెద్ద వయసు మగవాళ్లను పాక్ అనీ, ఆడవాళ్లను బూ అనీ పిలువు. టీ ఇస్తే కాదనకు. ఇండోనేషియా భాషతో పని జరుగుతుంది కానీ జావా భాషలో నాలుగు మర్యాద మాటలు నేర్చుకుని వెళ్లు.

మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లేలా చూసుకో. వానాకాలంలో కొండ ఊళ్ల దారులు నమ్మలేం. నువ్వు తిరగదలచిన దేసాల జాబితా తయారుకాగానే నాకు పంపు. ఎత్తులో ఉన్నవీ, పల్లంలో ఉన్నవీ రెండూ అందులో ఉన్నాయో లేదో పటంతో సరిచూసి చెబుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న