గైడు గారు పలకరు, గడువు ఆగదు

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలిని. 2023 మార్చిలో, రాష్ట్రంలోనే దూరంగా ఉన్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైం పీహెచ్‌డీకి చేరాను. కోర్సువర్కు పూర్తయింది. రెండు అధ్యాయాలు రాసి పంపి పది నెలలైంది. గైడు గారు ఇప్పటికీ ఒక్క మాట చెప్పలేదు. సెలవు పెట్టి రాత్రి రైలెక్కి వెళ్తే, ‘చూస్తానమ్మా, మళ్లీ రండి’ అని పంపేస్తున్నారు. పరిశోధన సలహా సంఘం ఏడాదిన్నరగా సమావేశం కాలేదు. ఈమధ్య కాస్త గట్టిగా అడిగితే, ‘మీ ప్రగతి బాగాలేదని రాసేస్తాను’ అన్నారు. దూరవిద్యలాగా చేసే పీహెచ్‌డీ అసలు చెల్లదని తోటి అధ్యాపకులు భయపెడుతున్నారు. గైడును మార్చుకోవచ్చా? కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ ‘చెల్లదు’ అన్న మాట తేల్చుకుందాం. విశ్వవిద్యాలయాల ప్రమాణాలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ నడపకూడదని చెప్పాయి. అవే నిబంధనలు పార్ట్‌టైం పీహెచ్‌డీని అనుమతించాయి. మీరు విజయవాడలో ఉండి, విశ్వవిద్యాలయం రాత్రంతా ప్రయాణించాల్సినంత దూరంలో ఉంటే అది దూరవిద్య అయిపోదు. మీ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు బయటకు తీసి చూడండి. అందులో ‘పార్ట్‌టైం’ అని ఉండి, మీ యాజమాన్యం ఇచ్చిన నిరభ్యంతర పత్రం దానికి జతగా ఉంటే ఈ బెంగ వదిలేయవచ్చు.

ఇక బెదిరింపు సంగతి. గైడు ఒక్కరే కలం పట్టి మీ ప్రగతి బాగాలేదని రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ రద్దు కాదు. ప్రతి సెమిస్టరులో మీరు సలహా సంఘం ముందు హాజరై, జరిగిన పనిని వివరించి నివేదిక ఇవ్వాలి. సంఘం చేసే సిఫార్సుల ప్రతి మీకూ అందాలి. ప్రగతి బాగాలేదనుకుంటే సంఘం కారణాలు రాయాలి, ఎలా దిద్దుకోవాలో సూచించాలి. ఆ సూచనలు కూడా మీరు అమలు చేయలేకపోతేనే, నిర్దిష్టమైన కారణాలు చూపి రద్దుకు సిఫార్సు చేయవచ్చు. మధ్యలో ఇన్ని మెట్లున్నాయి.

చిక్కల్లా, ఆ సంఘానికి కన్వీనరు మీ గైడు గారే. సమావేశం పెట్టకపోవడం ఆయన లోపం. అయితే సమావేశమే జరగలేదు కాబట్టి మీరు పని చేయలేదని రికార్డు లేదు, చేశారని కూడా లేదు. ఆ ఖాళీని ముందు ఎవరు నింపితే రేపు వారి మాటే నిలుస్తుంది. మీరే నింపండి.

గవర్నర్‌పేటలోని మా ఆఫీసుకు వచ్చే పరిశోధకుల్లో చాలామంది ఫోను తెరిచి వాట్సాప్‌లో రెండు నీలి టిక్కులు చూపిస్తారు. ‘చూడండి సార్, చదివారు, జవాబివ్వలేదు’ అంటారు. ఒకాయన సంచి నిండా అధ్యాయాల ప్రింట్లు మోసుకొచ్చారు. అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. అందినట్టు ఒక్క సంతకం లేదు, ఒక్క తేదీ లేదు. నీలి టిక్కులు పనికిరావని అనను. అవసరమైతే కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా, చట్టం అడిగే ధ్రువపత్రంతో పెట్టుకోవచ్చు. కానీ విశ్వవిద్యాలయం ఫైలులో నడిచేది కాగితం.

కాబట్టి వెంటనే గైడు గారికి ఒక ఉత్తరం రాయండి. కోపం ఒక్క అక్షరంలోనూ కనిపించకూడదు. ‘ఫలానా తేదీన సమర్పించిన రెండు అధ్యాయాలపై మీ సూచనల కోసం ఎదురుచూస్తున్నాను. ఈ నెలాఖరులోగా సలహా సంఘం ముందు ప్రగతి నివేదిక సమర్పించే అవకాశం కల్పించగలరు’ అంటే చాలు. ప్రతులు శాఖాధిపతికి, పరిశోధన వ్యవహారాలు చూసే డీన్‌కు పంపండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్‌పోస్టులో కూడా వేయండి. గురువు మీద ఫిర్యాదు చేసినట్టుంటుందేమోనని మీరు సంకోచించవచ్చు. సమావేశం పెట్టమని కోరడం ఫిర్యాదు కాదమ్మా, నిబంధన.

గైడును మార్చుకోవచ్చు. ఆ పద్ధతి మీ విశ్వవిద్యాలయం సొంత పీహెచ్‌డీ నిబంధనల్లో ఉంటుంది. చాలాచోట్ల పాత, కొత్త గైడులిద్దరి అంగీకారమూ అడుగుతారు. కొత్తవారిని అడిగే ముందు వారి దగ్గర ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. ప్రొఫెసర్‌ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్‌ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్‌ నలుగురికి మించి తీసుకోకూడదు. నన్నడిగితే, మార్పు కంటే ముందు సహ గైడును ఇమ్మని కోరండి. పామూ చావదు, కర్రా విరగదు. ఈయన కుర్చీ ఈయనకే ఉంటుంది, చదివేవారు మీకు దొరుకుతారు.

ఉత్తరానికి నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘానికి వెళ్లండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో ఇది ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయం మీకు నచ్చకపోతే, అందిన 15 రోజుల్లో ఇలాంటి అప్పీళ్లు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదులో తేదీలే రాయండి, ఆయన స్వభావం గురించి రాయకండి. తప్పుడు ఫిర్యాదని తేలితే ఫిర్యాదుదారు మీదే చర్యకు అంబుడ్స్‌పర్సన్ సిఫార్సు చేయవచ్చు.

ఈలోగా పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ సలహా సంఘం ఏయే తేదీల్లో సమావేశమైంది, మినిట్స్ ప్రతులు ఇవ్వండి – ఈ రెండే అడగండి. జవాబుకు 30 రోజుల గడువు. ‘సమావేశాలు జరగలేదు’ అని విశ్వవిద్యాలయమే రాసిచ్చిన కాగితం కంటే మీకు మంచి సాక్ష్యం దొరకదు.

కేసు ఆఖరున. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా అంటే వినకండి. విశ్వవిద్యాలయం విద్యార్థికి ‘సేవ’ అమ్మే సంస్థ కాదని సుప్రీంకోర్టు 2010లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో చెప్పింది. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కనుక నేలపాడులోని మన హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ (విశ్వవిద్యాలయం తన విధి నిర్వర్తించేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. ‘గైడు సరిగా చదవలేదు’ అంటే కోర్టు జోక్యం చేసుకోదు, విద్యా విషయాల్లో న్యాయమూర్తులు తల దూర్చరు. ‘నిబంధన ప్రకారం సంఘం సమావేశం కాలేదు, నా విజ్ఞప్తికి జవాబు లేదు’ అంటే వింటుంది. ఇన్ని వారాల్లో ఆ విజ్ఞప్తిని పరిష్కరించండని ఆదేశించి ముగించడం మామూలుగా జరిగేదే. ఆ ఆదేశానికైనా మీ చేతిలో విజ్ఞప్తి ఉండాలి కదా.

గడువు గురించి మరీ కంగారు పడకండి. చేరిన నాటి నుంచి ఆరేళ్లు, అంటే 2029 మార్చి వరకు మీకు సమయముంది. తిరిగి రిజిస్టరు చేయించుకుంటే మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు ఇచ్చే వీలుంది. అయితే అవి విశ్వవిద్యాలయం ఇస్తే వచ్చేవి. ఈసారి రైలెక్కేటప్పుడు అధ్యాయాలు రెండేసి ప్రతులు పెట్టుకోండి. ఒకటి, వచ్చిన కాగితాలు తీసుకుని నమోదు చేసే ఇన్‌వార్డు సెక్షన్‌లో ఇవ్వండి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకుని వెంట తెచ్చుకోండి.