క్లాక్ రేట్ మార్చాం, ట్రాఫిక్ మాత్రం దారి మార్చుకోలేదు

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లో మూడు సిస్కో రౌటర్లను సీరియల్ కేబుళ్లతో త్రికోణంలా కలిపి, ఓఎస్‌పీఎఫ్ (తక్కువ ఖర్చు పడే దారిని ఎంచుకునే రౌటింగ్ ప్రోటోకాల్) నడుపుతున్నాము. మొదటి, రెండవ రౌటర్ల మధ్య ఉన్న నేరు లింకుకు క్లాక్ రేట్ 64000 అనీ, మిగిలిన రెండు లింకులకు 2000000 అనీ ఇచ్చాము. ట్రాఫిక్ మూడవ రౌటర్ మీదుగా వేగంగా వెళ్తుందనుకుంటే, నిదానంగా ఉన్న నేరు లింకులోనే వెళ్తోంది. ఆ లింకుకు బ్యాండ్‌విడ్త్ కూడా 64000 అని ఇచ్చి చూశాము, ఫలితం లేదు. పైగా ఒక రౌటర్ క్లాక్ రేట్ ఆదేశాన్నే తీసుకోవడం లేదు. పొరపాటు ఎక్కడుంది?
– బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: చివరి సందేహం చిన్నది కనుక ముందు దాన్ని తీర్చుకుందాం. సీరియల్ కేబుల్‌కు ఒక కొస డీసీఈ, మరొక కొస డీటీఈ. గడియారపు సంకేతాన్ని డీసీఈ వైపు రౌటర్ ఇస్తుంది, డీటీఈ వైపు రౌటర్ దాన్ని అందుకుంటుంది. అందుకే డీటీఈ వైపు క్లాక్ రేట్ ఇవ్వబోతే రౌటర్ ఒప్పుకోదు. ఏ కొస ఏ రౌటర్‌కు తగిలించారో గుర్తు లేకపోతే ‘షో కంట్రోలర్స్’ ఆదేశం తరువాత ఆ ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి. కేబుల్ రకం, డీసీఈయా డీటీఈయా అన్నది అందులోనే కనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. క్లాక్ రేట్ పొలం వంటిది, బ్యాండ్‌విడ్త్ పాసు పుస్తకంలో రాసిన విస్తీర్ణం వంటిది. తీగ మీద బిట్లు ఎంత వేగంతో కదలాలో నిర్ణయించేది క్లాక్ రేట్ ఒక్కటే. బ్యాండ్‌విడ్త్ ఆదేశం ఆ వేగాన్ని పెంచదు, తగ్గించదు, ఈ లింకు సామర్థ్యం ఇంత అని రౌటర్‌లోని ఇతర ప్రోటోకాల్‌లకు తెలియజేస్తుంది, అంతే. ఓఎస్‌పీఎఫ్ పొలానికి వెళ్లి కొలవదు, పుస్తకం చూసి లెక్క వేస్తుంది. ఆ పుస్తకంలో మనం ఏమీ రాయకపోతే సీరియల్ ఇంటర్‌ఫేస్‌కు సాధారణంగా 1544 కిలోబిట్లు అని ఉంటుంది. అది అమెరికాలోని టీ1 లైను వేగం. మన దేశంలో వాడే ఈ1 లైను వేగం 2048 కిలోబిట్లు.

ఓఎస్‌పీఎఫ్ 10 కోట్లను బ్యాండ్‌విడ్త్‌తో, అంటే సెకనుకు ఇన్ని బిట్లు అన్న సంఖ్యతో, భాగించి వచ్చిన పూర్ణాంకాన్ని లింకు ఖర్చుగా తీసుకుంటుంది. మీరు క్లాక్ రేట్ మాత్రమే మార్చినప్పుడు మూడు లింకుల ఖర్చూ 64గానే ఉండిపోయింది. నేరు దారికి 64, చుట్టుదారికి 128 అయినప్పుడు అది నేరు దారినే ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. తరువాత మీరు చేసినది పరిస్థితిని ఇంకా పాడు చేసింది. క్లాక్ రేట్‌ను బిట్లలో ఇవ్వాలి, బ్యాండ్‌విడ్త్‌ను కిలోబిట్లలో ఇవ్వాలి. బ్యాండ్‌విడ్త్ 64000 అంటే 64 మెగాబిట్లు అని అర్థం, కాబట్టి అందరికంటే నిదానమైన లింకు ఖర్చు 1కి పడిపోయింది. ఈ రెండు ఆదేశాలకు వేర్వేరు కొలమానాలు పెట్టినవారిని విద్యార్థులు తిట్టుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం.

నేరు లింకుకు బ్యాండ్‌విడ్త్ 64 అనీ, మిగిలిన రెండింటికి 2000 అనీ ఇవ్వండి. అప్పుడు నేరు లింకు ఖర్చు 1562, చుట్టుదారి ఖర్చు 50, 50 కలిపి 100 అవుతుంది, ట్రాఫిక్ మూడవ రౌటర్ మీదుగా మళ్లుతుంది. క్లాక్ రేట్‌లా కాకుండా బ్యాండ్‌విడ్త్‌ను రెండు కొసలలోనూ ఇవ్వాలి. ప్రతి రౌటర్ తన నుంచి బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్ ఖర్చునే లెక్కిస్తుంది కనుక, ఒక వైపే మారిస్తే వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు మరొక దారి అవుతుంది.

తేడాను కళ్లారా చూడాలంటే నిజమైన రౌటర్ల మీద 1500 బైట్ల పింగ్ (అవతలి వైపు నుంచి జవాబు కోరే పరీక్ష సందేశం) పంపండి. అందులో 12,000 బిట్లు ఉంటాయి. 64 కిలోబిట్ల లింకులోకి అవి ఎక్కడానికే 187.5 మిల్లీసెకన్లు పడుతుంది, రానుపోను 375 మిల్లీసెకన్లు. చుట్టుదారిలో రెండు లింకులు దాటినా ఇదే లెక్క రానుపోను 24 మిల్లీసెకన్లు మాత్రమే.

ప్రశ్న: మా సంస్థకు 64 కిలోబిట్ల లీజు లైను ఉంది. పని గంటల్లో లైను నిండిపోయి అందరూ ఇబ్బంది పడుతున్నా, రౌటర్‌లో లోడ్ (లైను ఎంత నిండిందో చూపే సంఖ్య) మాత్రం 255లో 10 అనే చూపిస్తోంది. క్లాక్ రేట్ మార్చాలా?
– నెట్‌వర్క్ ఉద్యోగి, వరంగల్

జవాబు: వద్దు. లీజు లైనులో గడియారపు సంకేతం మోడెమ్ వైపు నుంచి వస్తుంది, మీ రౌటర్ డీటీఈ మాత్రమే. లోడ్‌ను కూడా బ్యాండ్‌విడ్త్‌తో పోల్చే లెక్కిస్తారు. 1544లో 64 భాగం ఎంతో చూస్తే 255కు 10 వద్దే వస్తుంది. బ్యాండ్‌విడ్త్ 64 అని సరిచేయండి, లైను నిండినప్పుడు ఆ సంఖ్య 255కు చేరువగా కనిపిస్తుంది. దీనివల్ల లైను వేగం మాత్రం పెరగదు. మీ పైఅధికారికి ఇంకా పెద్ద లైను కావాలని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.