పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయి!

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మూడు నెలలుగా పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి గంట దాటినా వదలడం లేదు. జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి కూడా మా అమ్మాయిని పిలవాల్సి వస్తోంది. అమ్మకు మోకాళ్ల అరుగుదల ఉంది, నాదీ అదేనా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అదే అనిపించడం లేదమ్మా. అమ్మగారిది కీలులో మృదులాస్థి అరిగి వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్. అది మెట్లెక్కితే పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది, పొద్దుటి బిగుతు ఉన్నా సాధారణంగా అరగంటలో పోతుంది. మీ లక్షణాలు చూస్తే రుమటాయిడ్ అనుమానం వస్తోంది, అంటే మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరమీద దాడి చేయడం. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి ఇలాగే ఉండొచ్చు, కాబట్టి ఈమధ్య జ్వరం వచ్చిందేమో గుర్తుచేసుకోండి. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే గౌట్ అయితే వేరు, ఎక్కువగా ఒక్క కాలి బొటనవేలే రాత్రికి రాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు.

ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవండి. రుమటాయిడ్ కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని ఊరుకోవద్దు, యాంటీ సీసీపీ అనే మరో రక్తపరీక్ష కూడా చూస్తారు. ఈలోగా మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగుతూ కూర్చోకండి, కిడ్నీలకు ముప్పు. రుమటాయిడే అని తేలి మెథోట్రెక్సేట్ రాస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, అది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.