డ్యూప్లెక్సా, టౌన్‌హౌసా? అద్దె మీద ఆశ పెట్టుకునే ముందు

ప్రశ్న: ఆరెగన్‌లోని హిల్స్‌బరోలో ఉంటున్నాం. నాది హెచ్-1బీ వీసా. ఇద్దరి జీతాలు కలిపి పన్నుకు ముందు నెలకు 11,500 డాలర్లు, కారు లోన్ 450, దాచుకున్నది 80,000. విడి ఇల్లు అందేలా లేదు. 7.2 లక్షల డ్యూప్లెక్స్‌ను (ఒకే కట్టడంలో రెండు ఇళ్లు) 3.5 శాతం డౌన్‌పేమెంట్‌తో ఎఫ్‌హెచ్ఏ లోన్ (ప్రభుత్వ బీమా ఉండే గృహరుణం) మీద కొని, ఒక భాగం 1,900కి అద్దెకివ్వాలని ఆలోచన. లేదా 4.6 లక్షల కొత్త టౌన్‌హౌస్ (పక్కింటితో గోడ కలిసిన ఇల్లు). ఏది మేలు?

జవాబు: ముందుగా, ఎఫ్‌హెచ్ఏ దారి మీకు లేదు. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేని తాత్కాలిక వీసాదారులకు ఆ లోన్లు ఆపేశారు. ప్రభుత్వ బీమా లేని మామూలు గృహరుణం, అంటే కన్వెన్షనల్ లోన్ మాత్రం దొరుకుతుంది. మీరే అందులో ఉండేట్టయితే, 2023 నవంబరు నుంచి రెండు నుంచి నాలుగు యూనిట్ల ఇళ్లకు కూడా, బ్యాంకుల నుంచి ఇలాంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ 5 శాతం డౌన్‌పేమెంట్‌కు ఒప్పుకుంటోంది.

లెక్క చూద్దాం. వడ్డీ 6.5 శాతం, గడువు 30 ఏళ్లు అనుకుంటే, 6.84 లక్షల లోన్‌కు కిస్తీ సుమారు 4,320. ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పీఎంఐ (డౌన్‌పేమెంట్ తక్కువైనప్పుడు లెండర్ రక్షణకు కట్టే బీమా) కలిపితే దాదాపు 5,500. అద్దె 1,900 వస్తుంది కదా అని చాలామంది దాన్ని కిస్తీలోంచి తీసేస్తారు. లెండర్ అలా చెయ్యరు. ఖాళీ నెలలూ రిపేర్లూ ఉంటాయని అద్దెలో 75 శాతమే, అంటే 1,425 మాత్రమే తీసుకుని మీ ఆదాయానికి కలుపుతారు. కిస్తీ మొత్తం అప్పు వైపే ఉంటుంది. అప్పుడు 12,925 ఆదాయానికి కారు లోన్‌తో కలిపి నెలకు 5,950 అప్పు: 46 శాతం. అద్దెను కిస్తీలోంచి తీసేస్తే అదే 35 శాతంలా కనిపిస్తుంది. 46 శాతానికి లోన్ దొరకొచ్చు, నాకు భయమల్లా ఆ తర్వాతి సంగతే. డౌన్‌పేమెంట్ 36,000, క్లోజింగ్ ఖర్చులు 3 శాతం చొప్పున 21,600 పోతే మిగిలేది 22,400. అది నాలుగు నెలల కిస్తీలకే సరి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెలలోనే హీటింగ్ పాడైతే? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. కాబట్టి ఆరు నెలల కిస్తీలు చేతిలో లేకుండా ఈ సాహసం వద్దంటాను.

టౌన్‌హౌస్‌కు 10 శాతం కట్టినా కిస్తీ, పన్ను, ఇన్సూరెన్స్, పీఎంఐ, హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు 120 అనుకుని కలిపితే నెలకు 3,380 చుట్టూ వస్తుంది. కారుతో కలిపి 33 శాతం. క్లోజింగ్ ఖర్చులు పోగా చేతిలో ఇంకా 20,000 ఉంటుంది, అంటే దాదాపు ఆరు నెలల కిస్తీలు. నా ఓటు దీనికే. అయితే ఒక్కటి తేల్చుకున్నాకే సంతకం చెయ్యండి.

ఆరెగన్ 2019లో హెచ్‌బీ 2001 చట్టంతో పోర్ట్‌లాండ్ మెట్రో అంతటా విడి ఇళ్ల స్థలాల్లో డ్యూప్లెక్సులు, ఫోర్‌ప్లెక్సులు, టౌన్‌హౌసులకు దారి తెరిచింది. 2021 నాటి ఎస్‌బీ 458తో అలాంటి ఇళ్లను నేలతో సహా విడివిడిగా అమ్మే వీలొచ్చింది. మీరు చూసినది ఆ కోవలోదా, లేక టౌన్‌హౌస్‌లా కనిపించే కాండోనా (నేల అందరిదీ ఉమ్మడిగా ఉండే యూనిట్)? టైటిల్ రిపోర్టులో లీగల్ డిస్క్రిప్షన్ చూడండి. 'లాట్' అని ఉంటే నేల మీదే. 'కాండోమినియం యూనిట్' అంటే కాండోనే. కాండో అయితే హెచ్ఓఏ రిజర్వ్ స్టడీ (పెద్ద రిపేర్లకు దాచిన నిధి సరిపోతుందో చెప్పే నివేదిక), గత రెండేళ్ల మీటింగ్ మినిట్స్ అడగండి. రిజర్వులు తక్కువైతే పైకప్పు మార్చే రోజున స్పెషల్ అసెస్‌మెంట్ పేరుతో ఇంటికి వేలల్లో బిల్లొస్తుంది. లాట్ అయినా, ఉమ్మడి గోడ, కప్పు అతుకు, డ్రైవ్‌వే ఎవరు బాగుచేయించాలో రాసిన మెయింటెనెన్స్ అగ్రిమెంట్ ఉండాలి. హెచ్ఓఏ లేని చోట కప్పు అతుకు దగ్గర నీళ్లు కారితే, ఆ కాగితం లేకుండా పక్కింటివాళ్ల చేత సగం ఖర్చు పెట్టించడం కష్టం.

విడి ఇల్లు కొని తర్వాత రెండుగా మార్చుకుందామనే ఆలోచన కూడా వస్తే, ముందు సీసీ అండ్ ఆర్‌లు (ఆ కాలనీ ఇళ్లకు రిజిస్టరైన షరతులు) చదవండి. పాత కాలనీల్లో అప్పటికే ఉన్న నిషేధాలను హెచ్‌బీ 2001 రద్దు చెయ్యలేదు; అవి ఇప్పటికీ చెల్లుతాయో లేదో లాయరును అడగండి.

ఒకవేళ ఇంకొక 15,000 కూడబెట్టి డ్యూప్లెక్స్ వైపే వెళ్తే, ఒక భాగం ఖాళీ చేసి అప్పగించాలన్న షరతు ఆఫర్‌లోనే రాయించండి. లోన్ క్లోజింగ్ అయిన 60 రోజుల్లో మీరు అందులోకి మారాలి. ఏడాది దాటిన అద్దెదారును ఖాళీ చేయించాలంటే, చట్టం ఒప్పుకునే కారణం ఉన్నా, ఆరెగన్‌లో చాలా సందర్భాల్లో 90 రోజుల నోటీసు ఇవ్వాలి.